ఎడమ సీటు

మా పాత బండ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే పది మంది పండితులు లేస్తారు. వాళ్లలో నేనొకణ్ణి. మల్కాజ్‌గిరిలో నాకు రెండు పాత ఫియట్లున్నాయన్న పొగరు. ఫ్యాక్టరీ వాడు బిగించని బోల్టు ఒక్కటి కనిపించినా నాకు ఒళ్లు మండుతుంది.

డేవిడ్ గారు నిరుడు వానాకాలంలో ఆ గ్రూపులోకి వచ్చారు. యూనివర్సిటీ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ప్రొఫెసర్లు గీసిచ్చిన డ్రాయింగు చూసి వెంట్రుకవాసి తేడా రాకుండా చేసిచ్చేవారట. డ్రాయింగు తప్పని తెలిసినా సొంతంగా మార్చేవారు కాదట, గీసినవాళ్ల దగ్గరికే వెళ్లి అడిగేవారట. తార్నాకలో ఆయన ఇంటి ముందు, చిరిగిన టార్పాలిన్ కింద, ఎర్రటి రెండు సీట్ల ఇంగ్లండు స్పోర్ట్స్ కారు ఎనిమిది నెలలుగా కదలకుండా ఉంది. తడికి ఇంజను పట్టేసింది. "గౌరవనీయులైన మిత్రులకు" అని మొదలుపెట్టి, డిసెంబరు ఆరో తేదీకల్లా బండి రోడ్డెక్కాలి, సలహా ఇవ్వగలరు అని రాశారు. ఆ తేదీ ఎందుకో ఆయన రాయలేదు, మేమూ అడగలేదు.

సలహాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. ప్లగ్గులు విప్పి లోపల ఆయిల్ పోసి నాననివ్వమని ఒకరు, బలవంతంగా తిప్పొద్దని ఇంకొకరు. ఆయన అన్నీ నోటుబుక్కులో రాసుకుని ఒక్కొక్కటే చేసి ఫొటోలు పెట్టేవారు. పదిహేడో రోజున ఇంజను కదిలింది. గ్రూపంతా పండగ చేసుకున్నాం.

తర్వాత సీట్ల ఫొటో పెట్టారు. ఎడమ సీటు కుడిదానికంటే బెత్తెడు ఎత్తుగా ఉంది. కింద టేకు చెక్కలు పేర్చిన దిమ్మె. ఇది ఇలాగే ఉంచితే తప్పవుతుందా అని అడిగారు. నేను ఏకంగా ఫోనే చేశాను.

"ఏంది సార్ గది? ఎవడో మెకానిక్ బండిని ఖరాబ్ చేసిండు. పీకి పడేయుండ్రి. ఒరిజినల్ లేకుంటే గది బండే కాదు."

అవతల ఆయన నోటుబుక్కు పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. "మీకు తెలిసినంత నాకు తెలియదు కదండీ. అలాగే చేస్తాను" అన్నారు.

కంపెనీ పుస్తకంలోని బొమ్మ నేనే పంపాను. దాని ప్రకారం సీటు కొత్తగా చేయించారు. పాత దిమ్మె తుక్కు బండిలో పోయింది.

డిసెంబరు ఆరున పొద్దున్నే రమ్మని పిలిచారు. ఎడమ సీట్లో కూర్చోబెట్టి, చామంతుల పొట్లం నా చేతికిచ్చారు.

"మా ప్రమీల పోయి ఇవాళ్టికి ఏడాదండి. సమాధుల తోటకి వెళ్దాం. ఈ బండిలోనే వస్తానని ఆవిడకి మాటిచ్చాను" అన్నారు.

ఆయన భార్య పోయిందని నాకు అప్పుడే తెలిసింది. క్యాంపస్ రోడ్డు మీద బండి మెత్తగా పోతోంది. ఆయన మాట్లాడుతూ మధ్యమధ్య నావైపు తిరుగుతున్నారు. చూపు మాత్రం నా తల మీదుగా పోతోంది. రెండుసార్లు సర్దుకుని కిందికి చూశారు. మూడోసారి బండి పక్కకు ఆపేశారు.

"ఆవిడకి మోకాళ్లు పోయాయండి. అంత కింది సీట్లోంచి లేవలేకపోయేది. అందుకని ఆ దిమ్మె చేశాను."

నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. "గప్పుడే ఎందుకు చెప్పలే సార్?"

"సలహా అడిగింది నేనండి. అడిగాక వినాలి కదా." గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

"మళ్లా చేపిద్దాం. కొలత చెప్పుండ్రి, రేపే టేకు తెస్త."

ఆయన స్టీరింగు వదలకుండా ముందుకే చూస్తూ చెప్పారు.

"నా జన్మలో డ్రాయింగు లేకుండా చేసింది అదొక్కటేనండి. ఆవిడని కూర్చోబెట్టి, ఇప్పుడు లేవగలవా, ఇప్పుడు లేవగలవా అని అడుగుతూ ముక్క మీద ముక్క వేశాను. కొలత రాసుకోలేదు. మనిషి ఇంట్లోనే ఉంది కదా అనుకున్నాను."