పిలక వేయని అరటి

ఈ ఉదయం పెరట్లో కూర అరటి నుంచి భోజనానికి ఆకు కోస్తుంటే అరటి పసరు చేతి మీద కారింది. ఆ వగరు వాసన తగిలిందంటే ఆరేళ్ళయినా నాకు గ్రేస్‌మణి టీచరు గారే గుర్తొస్తారు. కత్తి పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాను.

ఆవిడ బడి నుంచి రిటైరయ్యాక మామిడికుదురు దగ్గర నర్సరీ పెట్టారు. నా మొదటి ఉద్యోగం అక్కడే. పూలమొక్కలు అందరూ అమ్ముతారు, ఆవిడకు మాత్రం పెద్దాకుల పిచ్చి. గేటు పక్కన ఏజెన్సీ కొండల నుంచి తెచ్చిన కొండ అరటి ఒక్కటే ఉండేది. ఒక్కో ఆకూ తలుపంత.

"గెలలమ్ముకునే ఊళ్ళో ఉట్టి ఆకులెవరు కొంటారండీ?" అని అడిగాను ఒకసారి.

"చూసుకోడానికి కొంటారమ్మా. చెట్టంటే తినడానికేనా?" అన్నారు.

అన్నట్టే ఒక రిసార్టు వాళ్ళు తోట కోసం యాభై మొక్కలు అడిగారు. ఆవిడ మాటిచ్చారు. అవి ఎలా వస్తాయో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. అరటంటే పిలకలే కదా అనుకున్నాను. కొత్తపేట అరటి రైతు ఇంట్లో పుట్టినదాన్ని, నాకొకరు చెప్పాలా అన్న పొగరు కూడా ఉంది.

ఆవిడ రెండు రోజులు అమలాపురం వెళ్ళారు. కొండ అరటి అప్పటికే గెల వేసింది. అన్నీ తినడానికి పనికిరాని గట్టి కాయలు. అలాంటి చెట్టును కొట్టేస్తే కింద పిలకలు లేస్తాయని మా నాన్న గారు నేర్పారు. ఆవిడను మెప్పిద్దామని మొదలంటా నరికేశాను.

ఆవిడ తిరిగొచ్చి మోడు దగ్గరకు వెళ్ళారు. కాయ ఒకటి చీల్చి చూపించారు. లోపల తెల్లటి లేత గింజలు.

"ఇది పిలక వెయ్యదమ్మా. ఒక్కసారి గెలేసి, గింజలిచ్చి పోద్ది. ఇంకొన్నాళ్ళుంటే ముదిరి నల్లబడేవి, ఆ యాభై మొక్కలూ వాటితోనే మొలిపిద్దామనుకున్నాను."

"తెలీక చేసేనండీ."

"అవున్లేమ్మా. చెప్పకపోవడం నా తప్పే."

నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ మాట మనసులోంచి అన్నారో, నన్ను పంపేసే ముందు మర్యాదకు అన్నారో అర్థం కాలేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

మర్నాడు ఆవిడ ఒక కాఫీ డబ్బా తెచ్చి నా అరచేతిలో వంచారు. నాలుగు నల్లటి గింజలు.

"కొండల నుంచి మొదట తెచ్చిన గింజల్లో ఇవే మిగిలేయి. నువ్వే వెయ్యి."

"నరికినదాన్ని నేనేనండీ. నాకెందుకు?"

ఆవిడ పైపు తీసుకుని మొక్కలకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయారు. రిసార్టు వాళ్ళు ఇంకెక్కడో కొనుక్కున్నారు. గింజల్లో ఒకటి మొలిచింది. కుండీతో సహా నన్నే ఇంటికి తీసుకెళ్ళమన్నారు. అది నమ్మకమో, రోజూ చూసి బుద్ధి తెచ్చుకోమన్న శిక్షో అడుగుదామని ఎన్నిసార్లో అనుకున్నాను. పోయినేడాది ఆవిడ కన్నుమూశారు.

ఆ చెట్టు ఈ ఏడు మా పెరట్లో గెల వేసింది. గింజలు నల్లబడుతున్నాయి, ఆకులు ఒక్కొక్కటే వాలుతున్నాయి. కత్తి దాని దగ్గరకు తీసుకెళ్ళడం లేదు. గింజలు చేతికొస్తే ఎవరికివ్వాలో తెలియడం లేదు. ఆవిడ నాకెందుకిచ్చారో తెలిసుంటే, అదీ తెలిసేది.