జనగామలో గుండ్రటి బల్ల, అక్క తెచ్చిన డబ్బా

ఆరేళ్ల కింద భూపాలపల్లిలో మా మేనకోడలు స్వప్న పెళ్లి విందులో నేను నా టిఫిన్ డబ్బా విప్పుకుని తిన్నాను. మేనమామను నేను. పంక్తిలో వడ్డించింది పెళ్లికి ముందు అక్కవాళ్లు పోచమ్మకు మొక్కి కోసిన యాట కూర, అంటే మేకపోతు మాంసం. విగ్రహానికి అర్పించింది విశ్వాసి ముట్టడని పంక్తి మధ్య నిలబడి వాక్యం కూడా చెప్పాను. అప్పటినుంచి అక్క మహబూబాబాద్‌లో మా గడప తొక్కలేదు. మొన్న స్వప్న అత్తగారి ఊరు జనగామ నుంచి ఫోన్ చేసింది. "మామా, ఈడ చైనా వంటల హోటల్ పెట్టిండ్రు. అమ్మ వస్తాంది, నువ్వు గూడ రా. ఈడి కోడిని ఏ దేవతకూ మొక్కలే" అని నవ్వింది. ఆ నవ్వులో ముల్లుందని తెలిసే బయల్దేరాను. ఒక్క గిన్నెలోది అక్కతో కలిసి తింటే చాలనుకున్నాను.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మహబూబాబాద్‌లో సికింద్రాబాద్ వైపు రైలెక్కాను. జనరల్ టికెట్ వంద లోపే. అన్ని రైళ్లూ జనగామలో ఆగవు, టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. పదకొండున్నరకు దిగాను. ఆటోకు నలభై రూపాయలు. చంకలో గ్రంథం చూసి ఆటో అన్న, "పాస్టర్ సాబ్, ఆ గుండ్రం బల్ల హోటలా? పేరు రాయించుకొని నిలబడాలె" అన్నాడు. "పాస్టర్ని కాదన్నా. బడి చదువు లేదు, వాక్యం సొంతంగా నేర్చుకున్న" అన్నాను. "ఏదైతేంది, ఆకలి అందరికీ ఒక్కటే గద!" అని గేరు మార్చాడు. నా ఇరవై ఏళ్ల ప్రసంగాల కంటే ఆ మాట బాగుంది. ఆ సంగతి నాకు గంట తర్వాతే అర్థమైంది.

హోటల్ ముందు స్వప్న, అక్క, నేను నలభై నిమిషాలు నిలబడ్డాం. అక్క తెల్లవారుజామునే భూపాలపల్లిలో బస్సెక్కి, హనుమకొండలో మారి వచ్చింది. "మంచిగున్నవా తమ్మీ" అంది, అంతే. లోపల జాతర సందడి. బల్ల మీద తిరిగే అద్దం, దాని మీద అందరికీ కలిపి గిన్నెలు. నూడుల్స్ రెండు వందల ఇరవై, చిల్లీ చికెన్ రెండు వందల ఎనభై, ఆవిరి మీద ఉడికిన మోమోలు. ఒక్కో గిన్నె ముగ్గురికి సరిపోతుంది. నేను క్లుప్తంగా ప్రార్థన చేసి కళ్లు తెరిచేసరికి అక్క సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది.

వడ్డించే అతను పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, బయటి తిండి తేవద్దు."

"బయటిది కాదు నాయినా, ఇంటిది. విందుకు పోతే డబ్బా ఎంట తీస్కపోవాలె. మా తమ్ముడు నేర్పిండు."

స్వప్న నోట్లో నూడుల్స్ అలాగే ఆగిపోయాయి. "అమ్మా, జర ఊకో" అంది. అక్క మూత తీసింది. జొన్నరొట్టె, ఎండబెట్టిన మాంసం తునకల కూర. చిన్నప్పుడు దానికోసం అక్కతో కొట్లాడేవాణ్ణి. డబ్బాను అద్దం మీద పెట్టి మెల్లగా నా వైపు తిప్పింది.

"ఈడ నడుమ పెట్టింది అందరిదట గద. తిను. మొన్న మొక్కిన యాటదే, అబద్ధమాడ."

చెయ్యి సగం దాకా పోయింది. అంతలో, మా ప్రార్థన కూటం వాళ్లెవరైనా ఉన్నారేమోనని వెనక టేబుళ్ల వైపు తల తిప్పాను.

"చూసినవా? ఎవరన్న ఉన్నరా?" అంది అక్క. మూత పెట్టేసింది. నూడుల్స్ ముట్టలేదు. రెండింటికి హనుమకొండ బస్సెక్కి కిటికీ దించుకుంది.

ఎవరైనా పిలిస్తే వడ్డించింది తిను, ఆరా తీయకు అన్న మాట కూడా నా గ్రంథంలో ఉంది. అది నాకు కంఠతా వచ్చు. ఆరేళ్లుగా ముట్టొద్దన్న పేజీయే తిప్పి, దాంతో అక్కను కొట్టాను. ఆ గుండ్రటి బల్ల దగ్గర నేను దేవుడికి భయపడి ఉంటే బాగుండేది. భయపడ్డది మనుషులకు. దీన్ని భక్తి అని ఎవరైనా అంటే వాళ్ల మొహం మీదే కాదంటాను, మొదట అద్దంలో నా మొహం మీద.

మీరు ఆ హోటల్‌కు పోతే పన్నెండు కాకముందే పేరు రాయించుకోండి. తోబుట్టువు గిన్నె మీ వైపు తిరిగితే, మొదటి ముద్ద మింగాకే తల తిప్పండి.