తప్పుల్లేని పుస్తకం

ఆ బట్టలుతికే ఫ్యాక్టరీలో ఆమెను వెనకాల డిక్షనరీ అనేవాళ్ళు, ఎదురుగా అయితే డిక్షనరీ అక్క. పదకొండేళ్ళు సోడా నీళ్ళ తొట్ల దగ్గర నిలబడి గోళ్ళు ఊడగొట్టుకున్న మనిషి. నలభై రెండో ఏట కుర్చీ ఎక్కింది. బట్టలు ఇస్త్రీ చేసే ప్రెస్సు మెషిన్ల హాలు చివర, కిటికీ పక్కన ఒక చెక్కకుర్చీ, దాని ముందు బల్ల, బల్లమీద లావుపాటి పుస్తకం. ఏ మెషిన్‌కి ఏ జబ్బు చేసిందో అందులో ఇంగ్లీషులో ఎక్కించడం ఆమె పని. శనివారం శనివారం మెకానిక్ వచ్చేవాడు. అతనికి మన మాట ఒక్క ముక్క రాదు. పుస్తకంలో ఉన్న జబ్బుకే మందు వేసేవాడు, లేనిదాని వంక కన్నెత్తి చూసేవాడు కాదు.

కుర్చీ ఆరు నెలల పరీక్ష మీద ఇచ్చారు. మూడు తప్పులు దొరికితే మళ్ళీ తొట్లకే అని సూపర్‌వైజర్ మొదటిరోజే చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు చూసి తమాషాకి అన్నాడనుకునేవాళ్ళు అతన్ని ఎరగనివాళ్ళు.

ఆమె బడి చదువు తొమ్మిదో తరగతి దగ్గర ఆగిపోయింది. మిగతా ఇంగ్లీషంతా సబ్బుపెట్టెల మీంచీ, పక్కింటి కాలేజీ పిల్ల పుస్తకాల్లోంచీ ఏరుకున్నదే. ఆ మాటలు ఎప్పుడూ ఒంటరిగా ఎదురుపడేవి కావు, కవలల్లా జంటగా వచ్చేవి. బారో అనాలా, లెండ్ అనాలా? రైజా, రెయిజా? నోటుబుక్కులో పేజీకో జంట రాసుకుని, అన్నం వార్చుకుంటూ కూడా పెదాలు కదుపుతూ వల్లెవేసేది. వల్లెవేసినంతసేపూ తేడా తెలిసేది. తీరా కలం పట్టుకున్నాక రెండూ ఒకే మొహం పెట్టుకుని నిలబడేవి.

మొదటి తప్పు రెండో నెలలో జరిగింది. నాలుగో మెషిన్ గట్టిగా పనిచేస్తోందని రాయబోయి, హార్డ్లీ అని పెట్టింది. అసలు పనే చెయ్యడం లేదని దాని అర్థం. మెకానిక్ నిక్షేపంలాంటి మెషిన్‌ని సాయంత్రందాకా విప్పి మళ్ళీ బిగించాడు. టీ వేళకి సూపర్‌వైజర్ ఆ వాక్యాన్ని అందరికీ చదివి, అర్థం చెప్పి, "మన డిక్షనరీ పనిచేసేది కూడా హార్డ్లీనే" అన్నాడు. ఇంగ్లీషు అక్షరం రానివాళ్ళు అందరికంటే ఎక్కువ నవ్వారు. రెండో తప్పు మెకానిక్‌ని పానా అడగాల్సినచోట తానే ఇస్తానని రాయడం. ఆ రోజంతా హాల్లో ప్రతివాడూ వచ్చి, "అక్కా, నాకూ ఓ పానా ఇప్పిద్దూ" అని చెయ్యి చాపాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఇక మిగిలింది ఒక్క తప్పు. అక్కడినుంచి ఆమె కొత్త దారి పట్టింది. అనుమానం ఉన్న మాట జోలికే పోలేదు. బెల్టు తెగితే రాయగలదు, ఆయిల్ తక్కువైతే రాయగలదు. తెలియని జబ్బు వస్తే చుట్టు తిరిగి తెలిసిన మాటలతో గట్టెక్కేది. చుట్టుదారి కూడా లేకపోతే ఓకే అని రాసేది. ఓకేలో తప్పు వెదికే మొనగాడు ఇంకా పుట్టలేదు.

అయిదో నెలలో, ఒక గురువారం, ఆరో మెషిన్ మీద పనిచేసే ఆమె సొంత చెల్లెలు వచ్చి బల్ల దగ్గర నిలబడింది. ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే పొయ్యి. మెషిన్ పై పలక పూర్తిగా లేవడం లేదనీ, సగంలో ఆగి దానంతటదే దిగిపోతోందనీ చెప్పింది. సూపర్‌వైజర్‌కి చెబితే పుస్తకంలో ఎక్కించుకోమన్నాడట.

"మర్చిపోకే అక్కా. భయమేస్తోంది దానితో."

రాస్తానంది. కలం తీసింది. పలక తనే లేవాలి కదా, అప్పుడు రైజ్. కాదు, కింద పెడల్ తొక్కితే కదా లేచేది? అప్పుడు రెయిజ్. ఆ రెండింటి మధ్యా టీ గంట కొట్టేదాకా కొట్టుమిట్టాడింది. సూపర్‌వైజర్ ఈల వేసుకుంటూ ఇటే వస్తున్నాడు. ఆరో నంబర్, ఓకే అని రాసి పుస్తకం మూసేసింది. రేపు పక్కింటి పిల్లని అడిగి సరిగ్గా రాద్దామనుకుంది. మర్నాడు ఆ పిల్ల ఊళ్ళో లేదు. శనివారం మెకానిక్ వచ్చాడు, పేజీ తిప్పాడు, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

సోమవారం పదకొండింటికి పలక చెల్లెలి కుడిచేతి మీద దిగింది. దాన్ని పైకెత్తడానికి ముగ్గురు పట్టారు. ఆసుపత్రివాళ్ళు అరచేతిని దక్కించారు. వేళ్ళు నాలుగూ పోయాయి.

పైవాళ్ళు విచారణకి వచ్చారు. సూపర్‌వైజర్ గురువారం పేజీ తెరిచి చూపించి, రాసింది స్వయానా అక్కే అని చెప్పాడు. అవునా అని వాళ్ళు ఆమెను అడిగారు. అవునంది. అంతకుమించి అడగలేదు, ఆమె చెప్పలేదు. అజాగ్రత్తగా పనిచేసిందని తేల్చి చెల్లెల్ని పనిలోంచి తీసేశారు. అదే వారం అక్కకు కుర్చీ ఖాయమైంది.

ఇంటికొచ్చిన చెల్లెలు గోడకానుకుని కూర్చుని, పైవాళ్ళకి ఇంగ్లీషులో ఒక కాగితం రాసిపెట్టమంది. గేటు దగ్గర మూటలు లెక్కపెట్టే పనైనా ఇమ్మని. మెషిన్ సంగతి ముందే అక్కకి చెప్పానని.

"అంత ఇంగ్లీషు నాకు రాదే."

"తప్పులుంటే ఉండనీ. వాళ్ళకి అర్థమైతే చాలదూ?"

"నవ్వుతారు."

చెల్లెలు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. "నవ్వితే నీకేం పోతుందే?" అంది. అక్క లేచి పొయ్యి మీది గిన్నె దించింది.

చివరికి ఆ కాగితం మందుల షాపు కుర్రాడెవడో రాసిపెట్టాడు. నాలుగురోజుల తర్వాత అది సూపర్‌వైజర్ చేతికొచ్చింది. అతను చదివి, పళ్ళికిలిస్తూ హాలు పొడుగునా నడిచి, ఆమె బల్లమీద పడేశాడు.

"నీ పేరు కూడా ఉంది ఇందులో. ఎన్ని తప్పులో చూసిపెట్టు, డిక్షనరీ."

చెల్లెలి మెషిన్ దగ్గర కొత్తపిల్ల దుప్పటి పరుస్తోంది. టీ గ్లాసులు పట్టుకుని నలుగురైదుగురు బల్ల చుట్టూ మూగారు. ఆమె ఎర్ర కలం తీసుకుని మొదటి వరుస నుంచి మొదలుపెట్టింది. ఏడు దొరికాయి. ఏడింటికీ కింద గీత గీసి, పైన సరైన మాట రాసి, కాగితం తిరిగి ఇచ్చేసింది.