నాలుగు చక్రాల సాక్ష్యం

ఆ సోమవారం ఉదయం మెట్ల మీద ఉప్పు లేదు. అంతకుముందు రోజంతా మంచు కురిసింది. అలాంటి ఉదయాల్లో నేను ఆఫీసుకి దిగేసరికి మా బ్లాకు మెట్ల మీద ఎప్పుడూ, మంచు కరిగి ఎవరూ జారకుండా, ఉప్పు చల్లి ఉండేది. నిజానికి ఆ పని మెయింటెనెన్స్ వాళ్ళది. వాళ్ళు తొమ్మిదికి గాని రారని కింది ఇంటి అంకుల్ ఏడింటికే ఒక పాత కాఫీ డబ్బాతో చల్లేవారు. ఆ రోజు గోడ పట్టుకుని దిగాను. అంకుల్ వాళ్ళ తలుపు ముందు మంచులో చాలా బూట్ల అచ్చులున్నాయి. కారులో కూర్చుని కాంప్లెక్స్ వాట్సాప్ గ్రూపు తెరిస్తే విషయం తెలిసింది. అంకుల్‌కి తెల్లవారుజామున గుండెపోటు. ఆస్పత్రికి చేరేలోపే పోయారు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. అమెరికాలో ఈ పార్సిప్పనీ ఊళ్ళో మా కాంప్లెక్స్ మొత్తానికి ఆయన అంకులే. ఒంగోలు బస్సు డిపో వర్క్‌షాపులో పదేళ్ళు పనిచేసి, ఆ తర్వాత కంప్యూటర్లు నేర్చుకుని, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంతో ఈ దేశం వచ్చారు. అక్కడా ఇక్కడా పని ఒకటేనట, ఎవరో చేసినదాంట్లో తప్పు వెతకడం. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయనా ఆంటీ ఇద్దరే ఉండేవారు.

నేను పైన అద్దెకి వచ్చి ఏడాదిన్నర. మనుషులతో మాట్లాడటం నాకు కష్టం. కాన్వెంటులో చదివిన పదేళ్ళూ వరండాలో నిశ్శబ్దంగా నడిచినందుకు సిస్టర్లు మెచ్చుకునేవారు, ఆ నడక ఇప్పటికీ పోలేదు. మొదటి ఏడాదంతా అంకుల్‌తో నా సంభాషణ ఒక తల ఊపు మాత్రమే.

మాటలు కలిసింది నా కారు వల్ల. ఈ చలికాలం మొదట్లో, మంచులో వారం రోజులు తిరిగాక, డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు లైటు వెలిగింది. బొమ్మలో కారు, దాని వెనక వంకర టింకర గీతలు. మాన్యువల్ మొత్తం చదివాను. అది ట్రాక్షన్ కంట్రోల్ అనీ, జారే రోడ్డు మీద చక్రం పట్టు తప్పకుండా చూసేది అదేననీ తెలుసుకున్నాను. షాపుకి ఫోన్ చేసి మాట్లాడే ధైర్యం మాత్రం రాలేదు. ఆ వెలుగు చూస్తూ నడపలేక, దాని మీద ఒక స్టిక్కర్ బొట్టు అంటించాను.

వాళ్ళ కారు బ్యాటరీ పోయిన రోజు అంకుల్ నన్ను ఇండియన్ స్టోరు దాకా లిఫ్ట్ అడిగారు. దారిలో ఆయన కళ్ళు డ్యాష్‌బోర్డు మీద ఆగాయి.

"ఏందమ్మా, బండికి బొట్టు పెట్టావా?"

"లైట్ వెలుగుతోంది అంకుల్. పోవట్లేదు."

"కనపడకపోతే పోయినట్టేనా?"

అని నవ్వారు. స్టోరు పార్కింగ్‌లో దిగగానే నాలుగు చక్రాల చుట్టూ తిరిగారు. వెంటనే దేన్నీ ముట్టుకోలేదు. ముందు చూడాలి, తర్వాత అడగాలి, ముట్టుకోవడం ఆఖరున అన్నది ఆయన పద్ధతి. ట్రాక్షన్ బటన్ పొరపాటున నొక్కానా? టైర్లన్నిట్లో గాలి సమానంగా ఉందా? చక్రాల పైగూట్లో మంచు గడ్డ కట్టిందా? ఒక్కొక్కటీ నన్నే చూసి చెప్పమన్నారు. ఇంటికొచ్చాక బండి లోపాలు చదివే, అరచేతిలో పట్టే స్కానర్ తెచ్చి స్టీరింగ్ కింద గుచ్చితే, అది కుడి వెనక చక్రం పేరు చెప్పింది.

"ఒక్కో చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సర్ ఉంటుందమ్మా. నాలుగు చక్రాలు, నలుగురు సాక్షులు. ఒకడు తప్పు చెప్పాడా, బండి ఇంక ఎవరినీ నమ్మదు."

రోడ్ల మీద చల్లిన ఉప్పు ఆ సెన్సర్ చుట్టూ పేరుకుని తుప్పు పట్టింది. గోరువెచ్చని నీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో తోమించారు. కాస్త దూరం నడిపేసరికి లైటు ఆరింది. బొట్టు ఆయనే గోటితో గీకి తీసేశారు.

ఆ తర్వాత శనివారాలు ఆయన నాకు పాఠాలు చెప్పారు. తీసిన చక్రాన్ని పక్కన పడేయకుండా కారు కిందకి తోయమనేవారు, జాకీ జారినా బండి చక్రం మీద పడుతుంది, మనిషి మీద కాదని. డిపోలో నేర్చుకున్నదట. నట్టు రాకపోతే స్పానర్ మీద ఎక్కి నిలబడమనేవారు. నా బరువు పనికొచ్చే చోటు ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. మధ్యలో ఆంటీ కిటికీలోంచి టీ గ్లాసులు అందించి, ఆ పిల్ల చేతులు మసి చేస్తున్నారని ఆయన్ని కోప్పడేది.

మళ్ళీ పెద్ద మంచు పడింది, లైటు మళ్ళీ వెలిగింది. ఈసారి సెన్సరే పోయింది. ఆయన కొత్తది తెప్పించారు. ఆఖరి శనివారం చేసింది ఆ పనే. పాత సెన్సర్ తుప్పుకి ఇరుక్కుని ఎంతకీ ఊడలేదు. నేను టార్చి పట్టుకున్నాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అరగంట కుస్తీ పట్టారు. ఊడాక లేచి, కారుకి చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. అంత చలిలో నుదుటి మీద చెమట.

"ఎడమ చెయ్యి లాగుతోందమ్మా. నాలుగు రోజుల నుంచీ. సోమవారం డాక్టర్‌కి ఫోన్ చేస్తాలే. ఆంటీకి చెప్పొద్దు, హడలిపోతుంది."

"ఇప్పుడే వెళ్దామా అంకుల్? నేను తీసుకెళ్తాను."

"ముందు ఇది బిగించనీ."

బిగించారు. నేను టార్చి పట్టుకునే ఉన్నాను. ఒకరు నమ్మి చెప్పిన మాటని మూడో మనిషికి చేర్చకూడదని స్కూల్లో సిస్టర్ చెప్పేది. ఆ పాఠంలో నాకెప్పుడూ మంచి మార్కులే. ఆదివారం ఆంటీ పైకి వచ్చి గోంగూర పచ్చడి ఇచ్చి వెళ్ళింది. గుమ్మంలో రెండు నిమిషాలు నిలబడింది. నేను చెప్పలేదు.

అంత్యక్రియలైన మర్నాడు ఆంటీ నన్ను అడిగింది. "శనివారం నీతోనే ఉన్నారు కదా. బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నారు ఆంటీ," అన్నాను.

మూడు వారాలు ఆ మాటతో బతికాను. పుస్తకం తెరిస్తే చదివిన పేజీయే మళ్ళీ చదివేదాన్ని. ఎక్కడ తప్పిందని ఆయన పద్ధతిలోనే వెతికాను. నేను ఒత్తిడి చేసి ఉంటే వచ్చేవారేమో, రాకపోయేవారేమో, అది తెలియదు. ఆంటీకి చెప్పి ఉంటే ఆమె ఊరుకునేది కాదు. అది తెలుసు.

పోయిన వారం మంగళవారం కిందకి వెళ్ళి చెప్పాను. ఆంటీ ఆయన స్వెటర్లు మడతపెడుతోంది. చేతులు ఆగాయి.

"నీకు చెప్పారా?" అంది. మడత సగంలో వదిలేసి మళ్ళీ, "నాకు చెప్పకుండా, నీకు చెప్పారా?"

క్షమించమన్నాను. ఆమె లేచి, చప్పుడు కాకుండా తలుపు తీసి పట్టుకుంది. నేను బయటికి వచ్చాను.

ఎనిమిది రోజులు ఎదురుపడ్డా మాట లేదు. తొమ్మిదో రోజు, అంటే ఈ ఉదయం, తలుపు తట్టింది. పెన్షన్ కాగితాల కోసం ప్రభుత్వ ఆఫీసుకి వెళ్ళాలనీ, తీసుకెళ్ళగలనా అనీ అడిగింది. నా ముఖం వైపు చూడలేదు. ఆఫీసుకి సెలవు పెట్టాను.

ముందు సీట్లోనే కూర్చుంది. డెత్ సర్టిఫికెట్లున్న ఫైలు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టి, దారి పొడవునా కిటికీలోంచి బయటికే చూసింది. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. ఇంటి ముందు ఆపాక బెల్టు తీస్తూ, రేపు బ్యాంకుకి వెళ్ళాలి, పదిన్నరకి, అంది. సరే ఆంటీ అన్నాను. ఫైలు గుండెకి ఆనించుకుని, మంచులో ఒక్కో అడుగూ చూసి వేసుకుంటూ, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.

ఆంటీకి డ్రైవింగ్ రాదు.