తల లేని రాక్షసబల్లి

సముద్రంలోంచి లేచొచ్చి ఊళ్లను తొక్కేసే ఆ పేరుమోసిన రాక్షసబల్లి బొమ్మల నవల నిన్న కొన్నాను. ప్రతి పేజీలోనూ అదే, తలతో సహా. ఒక్కచోటా భయమేయలేదు. ఒళ్లు మండింది.

మచ్చ బొల్లారం బస్తీ చిన్ననాటి దోస్తులూ, మన ఖాజా దగ్గరుండే ఇదే రాక్షసబల్లి చిరిగిన పుస్తకం యాదికుందా? వాళ్ల కిరాణా దుకాణంలోని కిరసనాయిలు వాసనంతా దానికే పట్టి ఉండేది. తల ఉన్న పేజీలో వాళ్లమ్మ ఎవరికో బెల్లం చుట్టి ఇచ్చేసింది. మనకు కాళ్లే మిగిలాయి.

"తల ఏదిరా?" అని అడిగితే ఖాజా నీళ్ల ట్యాంకు వైపు వేలు చూపేవాడు.

"గా ట్యాంకు కన్న మీదున్నది. గింత పుస్తకంల పడుతదా ఏంది?"

మనమంతా నోళ్లు తెరుచుకుని పైకి చూసేవాళ్లం.

ఇందాక కొత్త పుస్తకంలో తలను అరచేత్తో మూసి, కాళ్లు మాత్రమే చూశాను. కళ్లు వాటంతటవే ఇంటి కప్పు వైపు వెళ్లాయి.