అచ్చులోకి వచ్చిన నంబరు

బరువుంటుందనుకుని ఇన్‌స్పెక్టరు కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులతో తుపాకిని ఎత్తాడు. అది ఒక్కసారిగా ఆయన గడ్డం దాకా లేచింది. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగాడు.

"ఏవండీ రిపోర్టరు గారూ, దీనికన్నా మీ పేపరే బరువుందండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ పేపరు బల్ల మీదే ఉంది. ఫిలింనగర్‌లో తీస్తున్న గ్రహాంతరవాసుల సినిమాలో వాడుతున్నది బొమ్మ కాదు, రంగు పూసిన అసలు పోలీసు తుపాకి అని అందులో నేను రాసిన వార్త ఫొటోతో సహా వచ్చింది. ఆ వార్త చూసి పోలీసులు స్టూడియోకి వెళ్లి తుపాకినీ, దాన్ని తయారు చేసిన మోల్డింగ్ మేస్త్రినీ స్టేషనుకి తెచ్చారు. మేస్త్రి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతులకి ఇంకా వెండి రంగు అంటుకునే ఉంది. నన్ను పిలిపించింది సాక్ష్యానికి.

నేను సినిమా పేజీకి రాకముందు చాలా ఏళ్లు క్రైం వార్తలు రాశాను. పట్టుబడ్డ ఆయుధాలని పోలీసులు గుడ్డ పరిచి వరసగా పెట్టినప్పుడల్లా దగ్గరికి వెళ్లి చూసేవాణ్ణి. ఆయుధాల రిపేరు చూసే పాత హెడ్ కానిస్టేబుల్ ఒకాయన నాకు గురువు. "రంగు చూడకు, చెక్క చూడకు, ముక్కు చూడు," అనేవాడు. గొట్టం చివర ఎలా ఉంది, బోల్టు పిడి ఎటు వంగింది, కింద తూటాల పెట్టె ఉందా లేదా, ఈ మూడూ చూస్తే చాలు, మిగతాదంతా మేకప్పే.

సినిమాలకి వచ్చాక ఆ అలవాటు నాకు మంచి కాలక్షేపమైంది. కిరణాలు కక్కే ఆయుధమని తెర మీద చూపించేది, విప్పి చూస్తే ఏ కాలందో పిస్తోలు. దాని ముందు టార్చిలైటు తల, పైన కారు అద్దం బిగించి ఉంటాయి. పందెం వేసి మరీ చెప్పేవాణ్ణి. ఓడిపోయిన గుర్తు లేదు.

తొంభైల మొదట్లో ఆ గ్రహాంతరవాసుల సినిమా ఫ్లోరులో చూసిన తుపాకికి మిక్సీ జారు మూత, సైకిలు పంపు అతికించి, అంతటా వెండి రంగు కొట్టారు. ఆ సరంజామా కింద మొండిముక్కు కనిపించింది. కింద తూటాల పెట్టె ఉండాల్సిన చోట చదునుగా చెక్క. ఇక సందేహం లేదు, ఫోర్ టెన్ మస్కెట్. సైన్యం వాడే త్రీ నాట్ త్రీని పోలీసుల కోసం మార్చి, ఒకసారికి ఒకే తూటా పట్టేలా చేసిన పాత తుపాకి. నక్సలైట్లు స్టేషన్ల మీద పడి అలాంటివి ఎత్తుకుపోతున్న రోజులవి. అలాంటిది షూటింగులో కనిపిస్తే వార్త కాదా! లైట్ల అవతల, పదిహేను అడుగుల దూరంలో నిలబడి నిర్ధారించేసుకున్నాను. ముట్టుకుని చూడలేదు.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు తాళంచెవితో రంగు గీకాడు. లోపల ఇనుమూ లేదు, చెక్కా లేదు. ఫైబరు. నేను గుర్తుపట్టిన రకం సరైనదే, కానీ ఎదురుగా ఉన్నది తుపాకి కాదు.

అక్కడితో అయిపోయేదే. ఇంకాస్త గీకేసరికి బోల్టు పక్కన అంకెలు కనిపించాయి.

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆగిపోయింది. "బొమ్మకి నంబరెందుకయ్యా?"

"అచ్చు సార్," అన్నాడు మేస్త్రి. "అసల్ది ఎట్లుంటే గట్లనే వస్తది. నేనైతె గీకి తీసేద్దామనుకున్న. ఆర్ట్ డైరెక్టర్ సారే వద్దన్నడు. నంబరుంటే పరాయి గ్రహం మాల్ లెక్క కొడ్తదంట."

"అసలుది ఎవరిచ్చారు?"

"యాది లేదు సార్."

ప్లాస్టర్‌తో అచ్చు తీయాలంటే అసలు తుపాకి కనీసం ఒక పూట చేతిలో ఉండాలి. షూటింగులకి బందోబస్తు వచ్చే పోలీసుల్లోనే ఎవరో ఇచ్చి ఉంటారు. అది నాకు తట్టినట్టే ఇన్‌స్పెక్టరుకీ తట్టింది. పేరు చెబితే ఇంటికి పంపుతానన్నాడు, చెప్పకపోతే కేసన్నాడు. బయట ప్రొడక్షన్ మేనేజరు నన్ను పక్కకి పిలిచి, "కేసంటూ పడితే మా గేటు దరిదాపులకి రావద్దని చెప్పండి సార్ మేస్త్రికి," అన్నాడు. ఆ మాట ఒక్క కంపెనీతో ఆగదు. సినిమా పనివాళ్లుండే కృష్ణానగర్ దాటేలోపే అందరికీ తెలిసిపోతుంది.

టీ తెప్పించి మేస్త్రి పక్కన కూర్చున్నాను.

"చెప్పేయ్ మేస్త్రీ, నీకెందుకీ గొడవ?"

"చెప్తె ఆయన నౌకరి పోతది. చెప్పకుంటె నాది పోతది. ఆయనది సర్కార్ నౌకరి సార్, మల్ల దొరకదు. నేనైతె గణపతులు పోసుకుంటనన్న బతుకుత."

"నా వల్లే కదా ఇదంతా..."

"జర ఫికర్ జెయ్యకున్రి. మీరు అచ్చేసిన్రు, నేను అచ్చు తీసిన. మీరు పట్టి చూడలే, నేను గీకలే. ఇద్దరిదీ ఒక్కటే తప్పు." టీ ఊదుకుంటూ నవ్వాడు. "గని మీ కన్ను మాత్రం కన్నే సార్. మస్కెటని మస్తు పట్టిన్రు."

ఆ మెప్పు తీసుకునే పరిస్థితిలో లేను. అది ఫైబరేనని, నా వార్త తప్పని స్టేషనులోనే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆఫీసుకి వెళ్లి సవరణ రాశాను. మూడే వాక్యాలు. అచ్చుకి మూలమైన అసలు తుపాకి సంగతి అందులో రాయలేదు. వార్త తెలిసి కూడా వదిలేయడం నా ఉద్యోగంలో అదే మొదలు. సరిగ్గానే వదిలేశానని నా నమ్మకం.

మర్నాడు మేస్త్రిని మళ్లీ రమ్మన్నారు. నేనూ వెళ్లాను. నంబరులో చివరి అంకె మీద లప్పం నిండిపోయి, అది ఒకటో ఏడో తెలియడం లేదు. అచ్చు చూస్తే తేలిపోయేది కానీ, బొమ్మ ఊడదీసేటప్పుడే అది ముక్కలైందని మేస్త్రి చెప్పాడు. ఫోన్లు చేసి కనుక్కుంటే ఆ రెండు నంబర్లకీ రెండు మస్కెట్లున్నాయి. ఒకటి నగరంలోనే సాయుధ దళం దగ్గర, రెండోది పక్క జిల్లాలో ఒక స్టేషనులో. రెండూ వాటి చోట్లలోనే ఉన్నాయి. ఏ ఒక్కటీ ఎన్నడూ గడప దాటలేదని రెండు చోట్లా రిజిస్టర్లు చెబుతున్నాయి.

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.

"ఒకటని రాస్తే వాళ్లు నా మీద పడతారు, ఏడని రాస్తే వీళ్లు. పోయిన తుపాకి లేదు, అరిచేవాడు లేడు. ఏమని రాయనండీ?"

ఆయన మేస్త్రి వైపు తిరిగాడు.

"గరుకు కాగితం ఉందా నీ దగ్గర?"

"జేబులనే ఉంటది సార్."

"కూర్చో. ఇక్కడే గీకెయ్."

మేస్త్రి కింద కూర్చుని, తుపాకిని ఒళ్లో పెట్టుకుని, ఏ తొందరా లేకుండా నంబరు మొత్తం నున్నగా అరగదీశాడు. కేసు లేదు. మధ్యాహ్నానికల్లా ఫ్లోరులో ఉన్నాడు. ఆలస్యమైందని మేనేజరు కేకలేస్తుంటే, "ఠాణాల దావత్ ఇచ్చిన్రన్నా, తిని వచ్చిన," అన్నాడు.

ఆ తర్వాత కూడా ఆయన ఏళ్ల తరబడి రహమత్ నగర్‌లోని తన షెడ్డులోంచే సినిమాలకి ఆయుధాలు చేశాడు. కనిపించినప్పుడల్లా అసలుది ఎవరిచ్చారని నేను అడిగేవాణ్ణి. "యాది లేదు సార్" తప్ప ఇంకో జవాబు రాలేదు. ఆ రెండు మస్కెట్లనీ తర్వాత పనికిరానివాటిలో చేర్చి కరిగించేశారని విన్నాను. వాటిలో ఏది ఆ షెడ్డులో ఒక పూట గడిపిందో, దాన్ని అక్కడికి తెచ్చిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు.