అల్లుడి గదిలో ఏసీ

మొన్న ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో ఏసీ జాలీలు రెండూ విప్పి, కుళాయి కింద పెట్టి, పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా దుమ్ము వదిలిస్తుండగా మా మేనకోడలు ఫోన్ చేసింది. ఎల్బీనగర్‌లో వాళ్ళమ్మ, అంటే మా అక్క, ఇంట్లో ఉన్న ఏసీని విప్పించి మీర్‌పేట్‌లోని తమ ఇంటికి తెచ్చుకుంటామని చెప్పింది. "అమ్మ ఎట్లాగూ ఏస్కోదు మామా, కొత్తదాని లెక్కనే ఉంది" అంది. ఫోన్ పెట్టేశాను. కొత్తదాని లెక్కనే ఉందన్న ఆ ఒక్క మాటకు వచ్చిన కోపం ఇది రాస్తున్న ఇప్పటికీ దిగలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో యంత్రాల గదికి వేశారు. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఏసీ పెట్టేది యంత్రాల కోసమే, మనుషులు చెమటలు కక్కుతూ బయట కూర్చునేవారు, ఎండలు ముదిరాక పక్క సెక్షన్ గుమాస్తాలు ఏదో ఒక కాగితం పట్టుకుని మా గదిలోకి వచ్చి, పని అయిపోయినా కదలకుండా నిలబడేవారు. అక్కడ మా పై అధికారి మొదటి రోజే నేర్పింది ఒక్కటే. ఏసీ లోపలి వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుంది, కాబట్టి మోసే దారిలో దుమ్ము ఉండకూడదు, పారబోసే చోట గాలి ఆడాలి. ఆ తరువాత నా జీవితమంతా ఆ మాట మీదే నడిచింది. ఎండాకాలం వస్తే వారం వారం జాలీలు కడుగుతాను, పడమటి కిటికీకి మందపాటి పరదా వేస్తాను, బయటి పెట్టె చుట్టూ ఏ సామానూ చేరనివ్వను, నీళ్ళు కారే గొట్టం మూసుకుపోకుండా చూస్తాను, చేసిన పనిని ఆ రోజు డైరీలో రాసుకుంటాను. మూత కూడా తీయకుండానే గ్యాస్ పోయింది సార్ అనే మెకానిక్కులకు మా ఇంట్లో పని దొరకదు.

అయితే ఎంత తెలిసినా నా తెలివి మా అక్క ఇంటి గుమ్మం దాటలేకపోయింది.

మాది నల్లగొండ వైపు పల్లె. ఎండాకాలంలో ఇంటికి ఏ అల్లుడు వచ్చినా గాలి తగిలే వసారాలో మంచం ఆయనకు, గుమ్మానికి తడిగుడ్డ ఆయనకు, కొత్త కుండలో నీళ్ళు ఆయనకు. గుడ్డ ఆరినప్పుడల్లా లేచి తడిపే పని అక్కది. ఆ తడి గాలి తనకు ఎంత దూరం వచ్చేదో అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు, అక్క అసలే ఆలోచించలేదు. పెళ్ళయి పట్నం వచ్చాక బావ లారీలు తోలి ఎల్బీనగర్‌లో రెండు గదులూ వంటిల్లూ కట్టాడు. ఆయన పోయిన తరువాతి ఎండాకాలంలో అక్క ముఖం వాడిపోవడం చూడలేక నేను ఏసీ కొని పంపాను. బిగించే రోజు నేను ఊళ్ళో లేను. అక్క అల్లుడు, అంటే మేనకోడలి మొగుడు, దగ్గరుండి, తాము వచ్చినప్పుడు పడుకునే ముందు గదిలో పెట్టించాడు. గొట్టం పొడవు కలిసొస్తుందని బయటి పెట్టెను పక్క సందులోకి దించి, సరిగ్గా వంటింటి కిటికీ పక్కన బిగింపజేశాడు.

మా ఇళ్ళల్లో వస్తువును గౌరవించడమంటే దానికి తొడుగు కుట్టడం. అక్క ఫ్రిజ్జుకు, మిక్సీకి, టీవీకి కుట్టినట్టే ఏసీకీ పాత పట్టుచీర అంచుతో తొడుగు కుట్టింది. కంపెనీ అంటించిన బొమ్మ కాగితాలు పీకనివ్వలేదు. రిమోట్ ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువాలో పెట్టింది. మూత తెరిస్తే కొత్తదనం పోతుందని జాలీ కడగనివ్వలేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఇదే గొడవ.

"ఎవరి కోసమక్కా ఈ దాపుడు?"

"అల్లుడొస్తడు, బిడ్డొస్తది, అప్పుడుండాలె కద. నాకెందుకురా ఏసీ?"

"నీకు ఎండ తగలదా?"

"పుట్టినకాడికెంచి తగుల్తనే ఉన్నది. నువ్వేమన్న కొత్త ఎండ తెచ్చినవా నాకు?"

నవ్వించి పంపేది. ఆ నవ్వుకు నేను లొంగినన్నాళ్ళూ అల్లుడు ఆదివారాలు వస్తూనే ఉన్నాడు.

ఒక ఏడాది మే నెలలో ఓ ఆదివారం మధ్యాహ్నం నేను మామిడిపండ్లు తీసుకుని వెళ్ళాను. సందులోకి తిరగగానే బయటి పెట్టె హోరు వినిపించింది, దాని ముందు నుంచి నడిస్తే కొలిమి పక్కగా పోయినట్టు కాళ్ళు మండాయి. ముందు గది తలుపు వేసి ఉంది. లోపల కూతురూ అల్లుడూ నిద్రపోతున్నారు. వంటింట్లో పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది, కిటికీలోంచి ఆ యంత్రం వేడంతా లోపలికి వస్తోంది, అక్క గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది, పిలిస్తే పలకలేదు. చేయి పట్టుకుంటే పెనంలా కాలింది, ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేదు. నేను వేసిన కేకలకు తలుపు తెరుచుకుని అల్లుడు దుప్పటి కప్పుకునే వచ్చాడు.

"ఏందీ మామా, గట్ల అరుస్తున్నరు? ఒచ్చిన్రు కద, జర గా ఏసీ సూడున్రి, సక్కగ సల్లగైతలేదు."

నా వెనక ఏముందో అతను ఇంకా చూడలేదు. చూశాక పరుగెత్తాడు, ఆటో తెచ్చాడు, సైదాబాద్‌లో దవాఖానకు తీసుకుపోయేదాకా అక్క తల తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు, అది కాదనను. కానీ తలుపు మూసుకుని చల్లదనం తాగుతూ, వేడిని ఆమె ముఖాన పోస్తూ, పైగా చల్లదనం చాలడంలేదన్న ఆ మాటను నేను క్షమించలేదు. సెలైన్ ఎక్కాక అక్క కళ్ళు తెరిచి నన్ను అడిగిన మొదటి మాట, కూర మాడిందా అని. ఆ మంచం పక్కన నిలబడలేక వరండాలోకి వచ్చేశాను. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు, అక్క మీద కూడా అనిపించింది.

బయటి పెట్టెను డాబా మీదికి ఎక్కిద్దామని ఆ తరువాత ఎన్నిసార్లు చెప్పానో. గోడకు మళ్ళీ రంధ్రం వేయాలి. బావ కట్టిన గోడకు ఇంకో రంధ్రం పడనివ్వనని అక్క భీష్మించింది. బతికున్నవాళ్ళు చేయగలిగిన దిద్దుబాటు అంతా చచ్చిపోయిన మనిషి గోడ దగ్గర ఆగిపోయింది. ఆమె వంటింటి కిటికీ రెక్కలు మూసి, మూసిన వంటింట్లో ఉడికింది. నేను జాలీని దొంగతనంగా విప్పి చూస్తే గోనెగుడ్డలా మూసుకుపోయి ఉంది, పైన మాత్రం పట్టు అంచు మెరుస్తోంది. మా మేనకోడలికి కొత్తగా కనబడింది ఆ అంచే.

మొన్న ఫోన్ పెట్టేసి మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వెళ్ళేసరికి విప్పేవాళ్ళు అప్పటికే నిచ్చెన వేశారు. మేనకోడలు గుమ్మంలో నిలబడి ఉంది. ఈ ఏసీ నేను కొన్నది మీ అమ్మకు, మీ ఆయన నిద్రకు కాదు, ఈ ఎండల్లో దీని కింద ఆమె పడుకుంటుంది, ఎట్లా పడుకోదో నేనూ చూస్తాను అని సందంతా వినేట్టు అరిచాను. మేనకోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. విప్పేవాళ్ళు పానా పట్టుకుని ఆగిపోయారు. అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యేసింది.

"తీస్కపోనియ్యిరా తమ్మీ. అది పోతే నా వంటింట్ల జర సల్లగైతది."

మేనకోడలు కిటికీ వైపు చూసింది, ఆ పక్కనే బిగించిన పెట్టె వైపు చూసింది, తల దించుకుంది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లోకి వస్తూ పోతూ అదొక్కటి ఆమె చూడలేదు. పెట్టె కిందికి దిగింది. బండి కదిలిపోయాక అక్క వెళ్ళి కిటికీ రెక్కలు తోసింది. తుప్పు పట్టి ఉన్నాయి, ఇద్దరం కలిసి నెడితే తెరుచుకున్నాయి.

తిరిగి వస్తూ మెట్రో కిటికీలోంచి చూస్తే మూసారాంబాగ్ దాకా ఏ గోడ చూసినా ఆ పెట్టెలే, ఒకరి వేడి ఇంకొకరి కిటికీలోకి. దిగవలసిన దిల్‌సుఖ్‌నగర్ దాటిపోయిన సంగతి కూడా అప్పుడే తెలిసింది. మన చిన్నప్పుడు పొద్దు వాలాక వాకిట నీళ్ళు చల్లి, మంచాలు వరసగా వాల్చి, ఇంటికొచ్చిన అల్లుడు, అక్క, నేను, పక్కింటివాళ్ళు అందరం ఒకే గాలి కింద పడుకునేవాళ్ళం. పగలంతా అక్కకు జరిగిన అన్యాయానికి ఆ కాస్త గాలి సరిపోయేది కాదని నాకు ఇప్పుడు తెలుసు. అయినా ఆ గాలికి తలుపు లేదు, దాన్ని తన వైపుకు తిప్పుకోవడం ఎవరి చేతిలోనూ ఉండేది కాదు.